రౌడీని తీసేస్తే ఇంకో రౌడీ: ఒక ఎంబూనా ట్యాంకు కేస్ స్టడీ

సిక్లిడ్ అనే కుటుంబపు చేపలను పెంచే అక్వేరియం ట్యాంకులో గొడవలు మొదలయ్యాక యజమానులు ముందుగా అడిగే మాట ఒకటే: "వీటిలో రౌడీ ఏది?" దాన్ని పట్టి బయట పెడితే పీడ విరగడవుతుందని వారి ఆశ. కొన్ని ట్యాంకుల్లో అవుతుంది కూడా. ఈ ట్యాంకులో కాలేదు. కాకపోవడానికి గల కారణం చాలా ట్యాంకులకు వర్తిస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను. యజమాని ఎవరో తెలిసే సంగతులు వదిలేశాను. ట్యాంకు కొలతలు, చేపల సంఖ్య, నీటి పరీక్షల అంకెలు ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

నేపథ్యం

నాలుగడుగుల ట్యాంకు. పొడవు 48, వెడల్పు 18, ఎత్తు 18 అంగుళాలు. అంచు దాకా నింపితే 250 లీటర్లు దాటుతుంది, ఇసుకా రాళ్లూ పోను నీరు 200 లీటర్లకు కాస్త అటూ ఇటూ. చేపలు తూర్పు ఆఫ్రికాలోని మలావి సరస్సుకు చెందినవి, రాళ్ల సందుల్లో బతికే ఎంబూనా జాతులు: ఎలక్ట్రిక్ ఎల్లో ఆరు, రెడ్ జీబ్రా ఐదు, ఆరాటస్ నాలుగు, డెమసోని మూడు. వీటికి తోడు పాచి తినడానికని ఒక ప్లెకో చేప.

అన్నింటినీ బొటనవేలంత పిల్లలుగా ఉన్నప్పుడే తెచ్చారు. ఆ వయసులో ఎంబూనాలు ఎవరితోనైనా సర్దుకుపోతాయి, అందుకే కొన్నవారికి ఇబ్బందేమీ కనిపించదు. ఏడాది తిరిగేసరికి మగచేపలకు ఈడు వస్తుంది. అప్పుడు ఒక్కోదానికీ సొంత చోటు కావాలి: ఒక రాయి, దాని కింద ఒక గుహ, ముందు కాస్త ఇసుక. ఆడచేప వచ్చి గుడ్లు పెట్టేది అక్కడే. పెట్టిన గుడ్లను వెంటనే నోట్లోకి తీసుకుని మూడు వారాలపాటు తనే మోస్తుంది. పిల్లల బాధ్యత తండ్రికి లేదు, దాని పొద్దంతా ఆ చోటు కాపలాకే సరిపోతుంది.

ఇక రాళ్ల అమరిక. ట్యాంకు నడిమధ్యలో ఒకటే పెద్ద గుట్ట, రెండు పక్కలా ఖాళీ ఇసుక. ఫొటోకు చాలా బాగుంటుంది. ఈ కేసు మూలం అక్కడే ఉంది గానీ, దాన్ని ఎవరూ సమస్యగా చూడలేదు.

సమస్య, అప్పటికే చేసినవి

నా దగ్గరకు వచ్చేసరికి రెండు ఎల్లోలు చనిపోయాయి. ఒక డెమసోని కనిపించకుండా పోయి, కొన్నాళ్లకు గుట్ట వెనుక దాని ముల్లు దొరికింది. మిగిలిన ఎల్లోల తోకలు చిరిగి ఉన్నాయి. యజమాని ముందు తోక కుళ్లు రోగం అనుకుని రెండు విడతలు మందు వేశారు. తగ్గకపోవడంతో గొడవలను అనుమానించి, అందరినీ తరుముతున్న నల్లటి మగ ఆరాటస్‌ను తీసి వేరే ట్యాంకులో వేశారు. కొద్ది రోజులు ప్రశాంతం. తర్వాత మళ్లీ మొదలు.

"ఆ నల్లదాన్ని తీసేశాను కదండీ, మళ్లీ ఇంకో నల్లది ఎక్కడి నుంచి వచ్చింది?" అన్నారాయన. ప్రశ్న న్యాయమైనదే. ఆరాటస్ పిల్లలూ, ఆడవీ పసుపు ఒంటి మీద నల్ల చారలతో ఉంటాయి. పెత్తనం చేసే మగది మాత్రం రంగులు తిరగబడి, ముదురు ఒంటి మీద లేత చారలు వేసుకుంటుంది. పెత్తనం దక్కని మగది ఆడదాని రంగులోనే తల దాచుకుని కాలక్షేపం చేస్తుంది. పైవాడు మాయమైతే రంగు మార్చుకుని ముందుకు వస్తుంది. ఆడది అని ఆయన నమ్మిన ఒక చేప అలా వేషం మార్చింది. కుర్చీ ఖాళీ అయితే కూర్చునేవాడు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాడు.

తర్వాత ఆయన చేసిన పని చేపల సంఖ్య పెంచడం. చేపలు ఎక్కువైతే దెబ్బలు ఏ ఒక్కదాని మీదా పడకుండా అందరికీ పంచుకుపోతాయన్నది ఎంబూనా పెంపకంలో బాగా తెలిసిన పద్ధతే. అయితే దానికి షరతులున్నాయి. కొత్తవన్నీ ఒకేసారి రావాలి, పాతవాటి సైజుకు దగ్గరగా ఉండాలి, పెరిగే మలినాన్ని మోయగల ఫిల్టర్ ఉండాలి. ఆయన నాలుగు రెడ్ జీబ్రా పిల్లలను రెండు విడతలుగా వేశారు. పక్కపక్కన కాపురముండే చేపలకు ఒకదాని హద్దు ఇంకొకదానికి తెలుసు. అంతో ఇంతో సహనం ఉంటుంది. కొత్త ముఖం కనిపిస్తే ఆ సహనం ఉండదు. పైగా రెండేసి చొప్పున వస్తే ట్యాంకంతా ఆ రెండింటి మీదే పడుతుంది. నాలుగింటిలో ఒకటి చచ్చిపోయింది, మూడు మిగిలాయి.

చేపలను కుక్కడంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. మలావి చేపలకు క్షార గుణమున్న, లవణాలు ఎక్కువున్న నీరు కావాలి. అలాంటి నీటిలో అమ్మోనియా మరింత విషం. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన భాగం సుమారు 0.6 శాతం. పీహెచ్ 8 అయితే అది 5 శాతం దాటుతుంది. అదే ఫిల్టర్ మీద చేపలను పెంచుకుంటూ పోయినప్పుడు, ఒక్కరోజు ఫిల్టర్ తడబడినా ఇక్కడ పడే దెబ్బ మామూలు ట్యాంకులో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

రోగమా, దెబ్బలా

నీటి పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ సున్నా. నైట్రేట్ లీటరుకు 80 మిల్లీగ్రాముల దగ్గర, అంటే నీటి మార్పు చాలడం లేదు. పీహెచ్ 8.0. ఉష్ణోగ్రత 28 డిగ్రీలు. ఇందులో తోకలు తెగడానికి కారణమేదీ లేదు.

ఒక ఎల్లోను చిన్న గాజు డబ్బాలోకి తీసి వెలుతురుకు పెట్టి చూశాను. తోక చివర అర్ధచంద్రాకారంలో రెండు గాట్లు, అంచు కత్తిరించినట్టు శుభ్రంగా ఉంది. వెనుక భాగంలో ఒక పక్క పొలుసులు లేచిపోయి, కింద చర్మం మసకగా కనిపిస్తోంది. తల, ముందు భాగం, ఛాతీ రెక్కలు చెక్కుచెదరలేదు. తోక కుళ్లు అయితే అంచు పీలికలై, తెల్లగానో ఎర్రగానో వాచి, లోపలికి పాకుతూ ఉంటుంది. ఇవి పారిపోతున్న చేపకు వెనుక నుంచి తగిలిన కాట్లు. ఇంకో గుర్తు కూడా ఉంది. గుట్టలో ఉంటున్న చేపల్లో ఒక్కదానికీ గీత పడలేదు. రోగానికి హోదాతో పని లేదు కదా. మందులు ఆపించాను.

పరుగు ఎక్కడ ఆగుతోంది?

ఏదైనా మార్చే ముందు చూడాలి. చూడటమంటే అద్దానికి ముఖం ఆనించి నిలబడటం కాదు, అలా చేస్తే చేపలన్నీ మేత కోసం ముందుకు వచ్చేస్తాయి. గదిలో దూరంగా కూర్చుని, ట్యాంకు బొమ్మ గీసుకుని, ప్రతి తరుముడూ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో బాణం గుర్తు పెడుతూ పోయాను. ఎవరు ఎవరిని కొడుతున్నారన్నది అందరూ చూస్తారు. బాణం కొస ఎక్కడ ఉందన్నది చూసేవారు తక్కువ.

కాగితం మీద రెండు రకాల బాణాలు తేలాయి. ఆరాటస్‌వి చాలా ఎక్కువ, కానీ పొట్టివి. గుట్ట అంచు నుంచి అడుగు దూరం తరిమి, వెనక్కి తిరిగి వచ్చేసేది. చూపు పడేది దాని మీదే, గోల అంతా దానిదే. మగ రెడ్ జీబ్రా బాణాలు కొన్నే, కానీ అన్నీ పొడవైనవి, అన్నీ ఒకే చోటికి చేరాయి: కుడివైపు పై మూలన, హీటర్ పక్కన. మూలకు తరిమాక కూడా అది వదిలేది కాదు. అద్దానికీ హీటర్‌కూ మధ్య ఇరుక్కున్న ఎల్లోను రెండు మూడు సార్లు కొట్టి గానీ వెనుదిరిగేది కాదు. అందరి వేలూ ఆరాటస్ వైపు చూపిస్తుంటే ప్రాణాలు తీస్తున్నది జీబ్రా.

జీబ్రాకు ప్రత్యేకంగా కసి ఉందని కాదు. సరస్సులో ఓడిన చేప నాలుగైదు మీటర్లు పారిపోతే కథ ముగుస్తుంది. గెలిచినదానికి కావలసింది ఎదుటిది కనుమరుగు కావడం, అంతే. ఈ ట్యాంకులో కనుమరుగు కావడానికి చోటు లేదు. ఉన్నది ఒకటే గుట్ట, దాని మీద నిలబడితే ట్యాంకు మొత్తం కనిపిస్తుంది. మూలన ఉన్న ఎల్లో ఎంత పారిపోయినా జీబ్రా కంటికి ఇంకా తన హద్దులోనే ఉన్నట్టు. పారిపోయిన చేప పారిపోయినట్టు కనిపించకపోతే దాడి ఆగదు. నేను తర్వాత తీసుకున్న నిర్ణయాలన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ తిరిగినవే.

పూర్తిగా ఫలించనివి

మగ జీబ్రాను వారం రోజులు పక్క ట్యాంకులో ఉంచాం. తిరిగి వచ్చేసరికి హోదా తగ్గి అణిగి ఉంటుందని లెక్క, చాలాసార్లు అలాగే జరుగుతుంది. ఇక్కడ ఈలోగా ఇంకో జీబ్రా గుట్టెక్కింది. పాతది రాగానే రెండూ నోరూ నోరూ పట్టుకుని ఇసుక మీద దొర్లాయి. నోళ్లు పట్టుకోవడం బలం తూచుకునే పద్ధతి, మామూలుగా త్వరగా తేలిపోతుంది. ఇక్కడ తేలలేదు, చివరికి వల అడ్డం పెట్టి విడదీయాల్సి వచ్చింది. అయితే ఒక సంగతి మాత్రం తెలిసింది. ఆడది అనుకున్న ఆ రెండో జీబ్రా కూడా మగదే.

తర్వాత ఉన్న రాళ్లనే తీసి వేరే రకంగా పేర్చాం. అందరి హద్దులూ చెరిగిపోయాయి, మూడు నాలుగు రోజులు చేపలన్నీ దిక్కు తోచక తిరిగాయి, తర్వాత యథాతథం. రాళ్లు మార్చడం వల్ల చేపల మనసులోని పటం చెరుగుతుంది, నిజమే. కానీ కొత్త పటంలోనూ మంచి చోటు ఒక్కటే ఉంటే పోటీ మళ్లీ దాని కోసమే. కొత్త చేపలు వేసే రోజున రాళ్లు కదిలించడం చాలా మంచి పని. దాన్నే చికిత్స అనుకుంటే నెలనెలా రాళ్లు మోస్తూ ఉండాలి.

ఏవి ఉండాలి, ఏవి పోవాలి

ముందు ఆడ, మగ తేల్చాలి. అంగడిలో దొరికే రెడ్ జీబ్రాల్లో మగవీ నారింజ రంగులోనే ఉండే రకం ఉంది, కాబట్టి రంగు చూసి చెప్పలేం. కింది రెక్క మీద గుడ్డు ఆకారపు చుక్కలు మగవాటికే ఉంటాయన్న మాట నమ్మదగినది కాదు, ఆడవాటికీ ఉంటాయి. చేపను తడి గుడ్డలో వెల్లకిలా పట్టుకుని పొట్ట కింద రంధ్రాలు చూడాలి. రెండూ ఇంచుమించు ఒకే సైజులో ఉంటే మగది. వెనుకనున్న జనన రంధ్రం ముందున్న మలద్వారం కంటే స్పష్టంగా పెద్దదైతే ఆడది. అయిదు జీబ్రాల్లో మూడు మగవి, రెండే ఆడవి. ఆయన లెక్కలో మగది ఒక్కటే! ఒక మగదానికి కనీసం మూడు నాలుగు ఆడవి లేకపోతే మగవాటి మధ్య పోటీ, ఆడవాటికి నిత్యం వేధింపు రెండూ తప్పవు. ఒక మగ జీబ్రాను ఉంచి రెండింటిని పంపించాం. చిన్న జీబ్రాలు మూడూ పెద్దవయ్యేదాకా వేరే ట్యాంకులోకి మారాయి.

డెమసోనిలది తేలిక నిర్ణయం. ఇవి తమలో తామే కొట్టుకునే రకం. పన్నెండుకు తక్కువ కాకుండా గుంపుగా ఉంచితే దెబ్బలు చెదిరిపోతాయి. రెండు మూడు ఉంచితే పెద్దది మిగతావాటిని ఒక్కొక్కటిగా ముగిస్తుంది. ఈ ట్యాంకులో పన్నెండుకు చోటు లేదు, కాబట్టి ఉన్న రెండూ బయటికి.

ఆరాటస్‌ల విషయంలో చాలాసేపు తర్జనభర్జన పడ్డాను. చంపుతున్నది అవి కాదని నా కాగితమే చెబుతోంది. అయినా తీసేయమన్నాను. ఈ జాతి మగది వయసు పెరిగేకొద్దీ ముదురుతుంది, నాలుగడుగుల ట్యాంకులో మిగతా జాతులతో కలిసి ఉండటం కష్టం. దాని ఆడవాటి పసుపు రంగూ పొడవాటి ఒళ్లూ ఎల్లోలకు దగ్గరగా ఉంటాయి. రంగులోనో రూపంలోనో తనవారిని పోలిన చేప మీదే సిక్లిడ్‌కు ముందుగా కన్ను పడుతుంది, అంటే ఎల్లోలు వాటికీ లక్ష్యాలే. యజమానికి ఇది నచ్చలేదు. ఆయనకు ఇష్టమైన చేపలు అవే. మూడింటినీ, ముందు తీసిన మగదానితో కలపకుండా, విడి ట్యాంకులో ఉంచే ఏర్పాటు చేశాక ఒప్పుకున్నారు.

రాళ్ల పని

ఎక్కువ సమయం తీసుకున్నదీ, ఎక్కువ ఫలితం ఇచ్చినదీ ఇదే. మధ్య గుట్ట తీసేసి రెండు చివర్లా రెండు గుట్టలు, మధ్యలో పొట్టి విడి రాళ్లు పెట్టాం. ఎడమ గుట్ట నీటి ఎత్తులో సగం దాకా, కుడిది పైనుంచి ఒక బెత్తెడు విడిచి అంతవరకూ లేపాం. చేపలు చచ్చింది పై మూలన కాబట్టి ఆశ్రయం పైన కూడా ఉండాలి. ఇసుక మీద గుహలెన్ని కట్టినా, పైకి తరిమిన చేపకు అవి అక్కరకు రావు.

గుహలకు మూడు నియమాలు పెట్టుకున్నాం. ప్రతి గుహకూ రెండు దారులుండాలి, ఎందుకంటే ఒకటే దారి ఉన్న గుహలో దూరిన చేపకు అది బోను. ఒక గుహ ముఖం నుంచి చూస్తే ఇంకో గుహ ముఖం కనిపించకూడదు. దీన్ని తేల్చుకోవడానికి టార్చి పనికొచ్చింది. ఒక గుహలో వెలిగించి పెట్టి, వెలుగు నేరుగా పడ్డ చోటల్లా ఒక అడ్డు రాయి చేర్చాం. కొన్ని సందులు పెద్ద మగది దూరలేనంత ఇరుకుగా, చిన్న చేపలు మాత్రం పట్టేటట్టు ఉండాలి.

రాళ్లను ఇసుక మీద కాకుండా, అడుగున పలచటి ఫోమ్ షీటు పరిచి దాని మీద నిలబెట్టాం. ఆ తర్వాతే ఇసుక పోశాం. ఎంబూనాలు రాయి కింద తవ్వుతాయి. ఇసుక మీద నిలబడ్డ గుట్ట ఏదో ఒక రాత్రి చేప మీదనో అద్దం మీదనో కూలుతుంది.

కొత్త గుంపు

మిగిలిన నాలుగు ఎల్లోలకు ఐదు, రెండు ఆడ జీబ్రాలకు మూడు ఆడవి కలిపాం. వీటితో పాటు రస్టీలు ఎనిమిది. ఊదా గోధుమ రంగులో ఉండే ఈ జాతి ఎంబూనాల్లో సాధువు లాంటిది, రూపంలో జీబ్రాను గానీ ఎల్లోను గానీ పోలదు. మొత్తం 23, ప్లెకో అదనం. కొత్తవాటిని కొన్ని వారాలు విడిగా ఉంచి, రోగాలేవీ లేవని నమ్మకం కుదిరాక తెచ్చాం. దీనికి ముందే ఇంకో క్యానిస్టర్ ఫిల్టర్ బిగించి, వారానికి 40 శాతం నీటి మార్పు ఖాయం చేశాం.

వేసే వరుస ముఖ్యం. రాళ్లు కొత్తగా పేర్చిన సాయంత్రమే, లైటు ఆర్పేసి, రస్టీలూ ఎల్లోలూ అన్నీ ఒకేసారి. మర్నాడు ఆడ జీబ్రాలు. మగ జీబ్రా మాత్రం వారం తర్వాత, అందరికంటే చివర. అప్పటికి ఎవరి చోటు వారికి దొరికింది, ఈసారి కొత్త ముఖం దానిదే. మొదటి రోజు అది కుడి గుట్ట వెనుక నక్కి ఉండటం చూసి యజమాని నవ్వు ఆపుకోలేకపోయారు.

మేత, వేడి సంగతి క్లుప్తంగా చెబుతాను. కూరగాయల భాగం ఎక్కువున్న గుళికలు, రెండు చివర్లా ఒకేసారి, కొద్దికొద్దిగా. కడుపు నిండితే కొట్టుకోవన్న నమ్మకంతో ఎక్కువ మేత వేసేవారున్నారు. వీటి గొడవ తిండి కోసం కాదు, చోటు కోసం, జత కోసం. అదనపు మేత వల్ల నైట్రేట్ పెరుగుతుంది, ఎంబూనాలకు పొట్ట ఉబ్బే జబ్బు దగ్గరవుతుంది. ఉష్ణోగ్రత 28 నుంచి 25కి తగ్గించాం. చేపల ఉరుకులు కాస్త తగ్గాయి, అంతకుమించి దానికి ఘనత ఇవ్వను.

ఫలితం

తరుముళ్లు ఆగలేదు. ఆగుతాయని ముందే చెప్పలేదు కూడా. మళ్లీ బాణాలు గీస్తే అన్నీ పొట్టివే. ఎడమ గుట్ట మీద జీబ్రా, కుడి గుట్ట కింది భాగంలో ఒక మగ ఎల్లో, మధ్య రాళ్లలో ఇద్దరు ముగ్గురు రస్టీలు కాపలా కాస్తున్నారు. పై మూలన ఎవరూ లేరు. తెగిన తోకలు ముందు గాజులా పారదర్శకంగా పెరిగి, తర్వాత రంగు పట్టాయి. మేత వేస్తే అన్నీ వస్తున్నాయి, రానివి నోట్లో గుడ్లున్న ఆడవే. గవద ఉబ్బి, మేత ముట్టకుండా కుడి గుట్ట పై సందుల్లో ఉంటున్నాయి. పాత ట్యాంకులో ఒక్కటి కూడా గుడ్లను చివరిదాకా మోయలేదు.

గుడ్లు మోస్తున్న ఆడదాన్ని విడిగా తీయాలా అని ఆయన అడిగారు. దాన్ని కొడుతుంటే తప్ప తీయొద్దన్నాను. మూడు వారాలు బయట ఉండి వచ్చిన చేప కొత్త ముఖమే అవుతుంది, పైగా పస్తులతో నీరసించి ఉంటుంది. పిల్లలు బతకాలన్న ఆశ ఉంటే ఆ లెక్క వేరు.

తేలిన సంగతులు

తీసేయవలసిన చేపలు ఈ ట్యాంకులోనూ ఉన్నాయి, తీశాం. కానీ ఆ మగ జీబ్రా ఇప్పటికీ అందులోనే ఉంది. అదే చేప, అదే గుణం. మారింది దాని చుట్టూ ఉన్న ఆడవాటి సంఖ్య, దానికి కనిపించే దూరం, ఓడినవాటికి దొరికే దారి. అందుకే నేనిప్పుడు గొడవల ట్యాంకు చూడటానికి వెళ్తే చేపల జాబితా కంటే ముందు పై మూలలు చూస్తాను. హీటర్ పక్కనో, ఫిల్టర్ గొట్టం వెనుకో రెక్కలు ముడుచుకుని నిలబడ్డ చేప ఉందంటే, కొట్టేది ఎవరో తేలకముందే తప్పించుకునే దారి లేదని తెలిసిపోయినట్టే.

సంఖ్య పెంచడం, రాళ్లు మార్చడం, కొన్నాళ్లు విడిగా ఉంచడం, ఇవేవీ పనికిరానివి కావు. ఒక్కోదాన్ని విడిగా, ఒకదాని తర్వాత ఒకటిగా ప్రయోగించినప్పుడు ఏదీ నిలబడలేదు. అన్నీ ఒకే వారంలో జరిగినప్పుడు ఒకదానికి ఒకటి ఆసరా అయ్యాయి.

యజమాని ఇప్పుడు డెమసోనిలు మళ్లీ కావాలంటున్నారు, ట్యాంకులో నీలం రంగు లేదట. పన్నెండు, ఒకేసారి, అదీ రస్టీలను పూర్తిగా తీసేసి, రాళ్లు మళ్లీ కదిలించి అయితేనే ఆలోచిద్దామన్నాను. మూడు తెచ్చి చూద్దామన్న ప్రతిపాదనను మాత్రం అప్పుడే కొట్టిపారేశాను.